సర్వర్ డౌన్!

పోయిన నెల మా అమ్మ పింఛను డబ్బులు తెచ్చుకుందామని బ్యాంకుకి వెళ్లింది. పదిన్నరకి వెళ్లిన మనిషి ఒంటిగంట దాటాక ఉత్త చేతులతో తిరిగొచ్చింది. 'సర్వర్ డౌన్ అన్నార్రా' అంది చెప్పులు విప్పుతూ. కాసేపాగి, 'ఆ సర్వర్ అనేవాడు ఒక్కడేనా? వాడు రాకపోతే ఇంకొకణ్ని పెట్టుకోకూడదూ?' అని అడిగింది.

నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే అమ్మ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మొన్నమొన్నటిదాకా మనకి సర్వర్ అంటే హోటల్లో భుజాన తువ్వాలేసుకుని ఇడ్లీ సాంబారు తెచ్చిపెట్టే మనిషే. కంప్యూటర్ సర్వరూ చేసేది అదే పని. మనం అడుగుతాం, అది లోపలికెళ్లి తెస్తుంది. పరీక్షా ఫలితాలు, రైలు టికెట్టు, రేషను షాపులో వేలిముద్ర, గ్యాసు బుకింగు... ఏది అడిగినా ఎక్కడో ఓ సర్వర్ లేచి వెళ్లి తేవాల్సిందే. ఇక 'ఇంకొకణ్ని పెట్టుకోకూడదూ' అన్న మాటుందే, ఆ రంగంలో ఇంజినీర్లు కోట్లు ఖర్చుపెట్టి చేసేది సరిగ్గా అదే!

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఓ డేటాసెంటర్లో పనిచేస్తాడు. రాత్రి డ్యూటీలు. పండక్కి వచ్చినా ఫోను పక్కనపెట్టడు. అమ్మ ప్రశ్న వాడికి చెప్పి, అసలీ సర్వర్లు ఎందుకు పడిపోతాయిరా అనడిగాను. 'అన్నయ్యా, ముందు అది సర్వరేనా అని అడుగు' అన్నాడు.

విషయమేమిటంటే, బ్యాంకు బ్రాంచిలో అసలు సర్వర్ ఉండదు. అది వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మధ్యలో రోడ్డు తవ్వుతూ ఎవరో కేబులు తెంపేసినా, బ్రాంచిలో మోడెం వేడెక్కి మొరాయించినా, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి పాస్‌వర్డ్ గడువు తీరిపోయినా మనకి చెప్పే మాట ఒకటే- సర్వర్ డౌన్. పాపం, చెయ్యని నేరాలెన్నో దాని ఖాతాలో పడిపోతున్నాయి. అందుకే ఫిర్యాదు రాగానే మా తమ్ముడు అడిగే మొదటి ప్రశ్న 'ఒక్కరికేనా, అందరికీనా?' అని. ఒక్క బ్రాంచికే అయితే దారిలో లోపం. అన్ని బ్రాంచీలకూ అయితే అప్పుడు సర్వర్ సంగతి చూడాలి. రెండో ప్రశ్న 'నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?'. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించారా, ఎవరైనా ఓ వైరు తీసి ఇంకోచోట పెట్టారా... 'ఏమీ మార్చలేదండీ' అన్న జవాబుని మాత్రం ఎప్పుడూ నమ్మడట.

సర్వర్ పూర్తిగా పడిపోవడం ఒక రకం. నిలబడే ఉండి నత్తలా నడవడం ఇంకో రకం. ఈ రెండోదాని ఆచూకీ పట్టుకోవడం కష్టం. దానికి బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు ఓ పద్ధతి చెప్పాడు. ఈ రంగంలో పనిచేసేవాళ్లలో చాలామందికి అది తెలుసు. ప్రతి భాగాన్నీ మూడే ప్రశ్నలడగాలంటాడు. ఎంత పనిలో ఉంది? దాని ముందు ఎంత పని పేరుకుపోయి ఉంది? తప్పులేమైనా చేస్తోందా? మళ్లీ మన హోటల్‌కే వద్దాం. సర్వర్ ఖాళీగా నిలబడ్డాడు గానీ బల్లల దగ్గర జనం ఆకలితో ఉన్నారంటే లోపం వంటింట్లో ఉంది. వంటింట్లో పెనం ఒక్కటే ఉండి, పక్కన ఇరవై దోసెల ఆర్డర్లు పేరుకుపోయాయంటే ఇంకో పదిమంది సర్వర్లని పెట్టినా ఒరిగేదేమీ ఉండదు. కంప్యూటర్‌లో ఆ పెనం చాలాసార్లు హార్డ్‌డిస్కు. ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా డిస్కు ఇచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఈ సంగతి చూసుకోకుండా 'స్లోగా ఉంది' అనగానే కొత్త ప్రాసెసర్లు కొనిపడేసే ఆఫీసులు చాలానే ఉన్నాయట.

లోపలికెళ్లి చూస్తే...

డేటాసెంటరు అనగానే సినిమాల్లో చూపించినట్టు నిశ్శబ్దంగా, నీలం దీపాలతో ఉంటుందనుకుంటాం. అబ్బే! లోపల ఫ్యాన్ల రొదకి పక్కమనిషి మాట వినపడదు. చెవులకి రక్షణ పెట్టుకునే వెళ్తారు. సర్వర్లు అంత వేడి పుట్టిస్తాయి మరి. లోపలికి పీల్చుకునే గాలి 18 నుంచి 27 సెల్సియస్ డిగ్రీల మధ్య ఉండేలా చూడాలని ఏసీ రంగ నిపుణుల సంఘం యాష్రే ప్రమాణం పెట్టింది. చల్లగాలి ఓ వరుసలోంచి, వేడిగాలి పక్క వరుసలోంచి వెళ్లేలా ర్యాకులు పేరుస్తారు. ర్యాకులో ఓ అర ఖాళీగా వదిలేస్తే ఆ సందులోంచి వేడిగాలి ముందుకొచ్చేస్తుంది. అందుకే ఆ ఖాళీకి ఓ ప్లాస్టిక్ పలక బిగిస్తారు. చిన్న ముక్కే. అది పెట్టడం మర్చిపోతే పైనున్న సర్వర్ మధ్యాహ్నానికల్లా ఆయాసపడుతుంది.

సర్వర్‌లో అమ్మ చెప్పినట్టు ముఖ్యమైనవన్నీ రెండేసి ఉంటాయి. కరెంటు తీసుకునే భాగాలు రెండు. అవి వేర్వేరు లైన్లకు కలిపి ఉంటాయి. ఒకటి పోతే రెండోది మోస్తుంది. (రెండూ తీసుకెళ్లి ఒకే ప్లగ్గు బోర్డులో గుచ్చిన మహానుభావులూ ఉన్నారని మా తమ్ముడు చెబుతాడు.) జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్ కూడా మామూలుది కాదు. తన తప్పుల్ని తానే దిద్దుకునే రకం. అంత అవసరమా అనిపించొచ్చు. గూగుల్ తన సర్వర్లని రెండున్నరేళ్లపాటు గమనించి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో, ఏడాదిలో దాదాపు మూడోవంతు యంత్రాల్లో కనీసం ఓ మెమరీ పొరపాటు దొర్లినట్టు తేలింది. దిద్దుకోలేని ర్యామ్ అయితే మన ఖాతాలో నిల్వ ఒక్క అంకె మారినా ఎవరికీ తెలియదు.

ఇక హార్డ్‌డిస్కులు. ఎక్కువగా చచ్చేవాటిలో ఇవి ముందుంటాయి. వాటి పెట్టెల మీద కంపెనీలు 'పది లక్షల గంటలు' అని సగటు ఆయుష్షు రాస్తుంటాయి. లెక్కేస్తే 114 ఏళ్లు! అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2007లో దాదాపు లక్ష డిస్కుల లెక్కలు తీసి చూశారు. పెట్టె మీది మాట ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. నిజంగా మార్చాల్సి వచ్చినవి మాత్రం చాలాచోట్ల నూటికి రెండు నుంచి నాలుగు. ఒకచోట 13 దాకా వెళ్లింది. అదే ఏడాది గూగుల్ కూడా లక్షకు పైగా డిస్కుల జాతకం రాసింది. డిస్కులో తనని తాను పరీక్షించుకుని ముందే హెచ్చరించే ఏర్పాటు ఉంటుంది. అందులో మొదటి లోపం కనపడ్డ డిస్కు, తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మంచి డిస్కు కన్నా 39 రెట్లు ఎక్కువట. కాబట్టి ఆ హెచ్చరిక వస్తే 'ఇంకా పనిచేస్తోంది కదా' అని ఊరుకోకూడదు. అయితే అసలు చిక్కు అక్కడ లేదు. పోయిన డిస్కుల్లో మూడోవంతుకు పైగా ఏ హెచ్చరికా చెయ్యకుండానే పోయాయి.

అందుకే సర్వర్లో డిస్కులు గుంపుగా ఉంటాయి. ఒకటి పోయినా మిగతావాటిలోని లెక్కలతో పోయినదాంట్లో ఏముందో తిరిగి రాసుకుంటాయి. 1988లో బర్కిలీ ప్రొఫెసర్లు ప్యాటర్సన్, క్యాట్జ్, వారి విద్యార్థి గిబ్సన్ ఈ పద్ధతికి 'రెయిడ్' అని పేరుపెట్టారు. పోయిన డిస్కు దగ్గర కాషాయం రంగు దీపం వెలుగుతుంది. సర్వర్ నడుస్తుండగానే దాన్ని లాగి కొత్తది తోస్తారు. పిల్లాడు కూడా చెయ్యగలిగే పని. కానీ పాడైన డిస్కు బదులు, పొరపాటున పక్కనున్న మంచి డిస్కు లాగారనుకోండి... ఒకటి పోతే తట్టుకునే గుంపులో అప్పుడు రెండు పోయినట్టు. కథ అయిపోయినట్టే. 'లాగేముందు కంప్యూటర్లోంచి ఆ డిస్కు దీపాన్ని మిణుకుమనిపిస్తాం. నంబరు కాగితం మీద రాసుకుంటాం. ఇంకొకడు పక్కన నిలబడి పైకి చదువుతాడు. రాత్రి మూడింటికి మనకి మన మీదే నమ్మకం ఉండకూడదన్నయ్యా' అన్నాడు వాడు.

గుంపుగా ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ తన కస్టమర్లకి ఓ వింత ప్రకటన పంపింది. తాము అమ్మిన కొన్నిరకాల ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయనీ, ఆ తర్వాత అందులో సమాచారం తిరిగిరాదనీ దాని సారాంశం. అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు! రెండుని పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. తన వయసు లెక్కపెట్టుకునే చోట అంతకుమించి పట్టలేదన్నమాట. మన పాత స్కూటర్ల మీటరు 99,999 తర్వాత సున్నాకి తిరిగి, బండి మాత్రం నడిచేది. ఇక్కడ బండే ఆగిపోయింది. పైగా సర్వర్ కొన్నరోజున డిస్కులన్నీ ఒకేసారి బిగించి ఉంటారు కదా, కాబట్టి పోయేదీ అన్నీ ఒకేసారి. దానికి విరుగుడు ఓ చిన్న సాఫ్ట్‌వేరు. సమయం రాకముందే ఎక్కిస్తే చాలు. సర్వర్ బాగానే నడుస్తోంది కదా అని ఆ ఉత్తరం చదవనివాళ్లకి మాత్రం చిక్కే.

అరిస్తే అలుగుతుంది

ఇందాక చెప్పిన బ్రెండన్ గ్రెగ్ 2008 చివర్లో ఓ తమాషా చేశాడు. అప్పుడాయన సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉన్నాడు. డిస్కులు జవాబివ్వడంలో ఆలస్యం ఎప్పటికప్పుడు గ్రాఫులా తెరమీద కనిపించే ఏర్పాటు ఒకటి చేసుకుని, ర్యాకు దగ్గరికి వెళ్లి, డిస్కుల మీదికి వంగి, బొబ్బపెట్టాడు. అంతే! తెరమీద గ్రాఫు ఒక్కసారిగా పైకి లేచింది. అరుపు ప్రకంపనలకి తిరిగే డిస్కు మీద చదివే ముల్లు గాడి తప్పి, మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చిందన్నమాట. ఆ వీడియో చూసి లోకమంతా నవ్వుకుంది.

ఎనిమిదేళ్ల తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. 2016 సెప్టెంబరులో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటాసెంటర్లో అగ్నిమాపక పరీక్ష పెట్టారు. నీళ్లు చల్లితే కంప్యూటర్లు పాడవుతాయి కాబట్టి అక్కడ మంటలార్పడానికి జడవాయువు వదుల్తారు. ఆ రోజు సిలిండర్లలో ఒత్తిడి ఎక్కువై వాయువు పెద్ద మోతతో బయటికొచ్చింది. నిప్పూ లేదు, నీళ్లూ లేవు. ఆ మోతకే డజన్లకొద్దీ హార్డ్‌డిస్కులు దెబ్బతిన్నాయి. దాదాపు పది గంటలు కార్డులు, ఏటీఎంలు, నెట్ బ్యాంకింగు బంద్. రక్షణ కోసం పెట్టినదే ముంచిందన్నమాట. అమ్మకి ఈ కథ చెబితే 'మరి ఆరోజు వాళ్ల పింఛన్లో?' అంది.

కరెంటు గురించి ఒక్కమాట. 2017 మేలో లండన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటాసెంటర్లో కరెంటు పోయింది. అంతకన్నా, అది తిరిగి ఒక్కసారిగా రావడంతో ఎక్కువ నష్టం జరిగిందని కంపెనీ చెప్పింది. 75 వేలమంది ప్రయాణికులు సెలవుల సమయంలో ఎయిర్‌పోర్టుల్లో చిక్కుకుపోయారు. మన ఇళ్లలో కరెంటు పోగానే ఫ్రిజ్ స్విచ్ తీసేసి, వచ్చాక కాసేపాగి వెయ్యడం అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటే కదా.

ఐదూ అక్కరకు రాలేదు

ఇంతవరకూ యంత్రాల తప్పులు. అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది మాత్రం ఓ మనిషి చేసిన తప్పు గురించి.

గిట్‌ల్యాబ్ అని, ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే వెబ్‌సైటు ఉంది. 2017 జనవరి 31న దాని డేటాబేస్ మీద భారం పెరిగి ఇబ్బంది పెట్టసాగింది. అమ్మ సూత్రం ప్రకారం అక్కడా రెండు సర్వర్లున్నాయి. ఒకటి అసలుది, రెండోది దాన్ని చూసి ఎప్పటికప్పుడు రాసుకునే నకలు. భారం ఎక్కువై నకలు వెనకబడిపోయింది. దాన్ని తుడిచేసి మళ్లీ మొదట్నుంచీ రాయించాలి. ఓ ఇంజినీరు రాత్రి పదకొండు దాకా దాంతో కుస్తీపడ్డాడు. అసలు ఆయన డ్యూటీ అయిపోయి వెళ్లిపోవాల్సిన సమయం అది. నకలు సర్వర్‌లో పాత సరుకు ఉండటం వల్లే పని కావట్లేదేమో అనుకుని, దాన్ని తొలగించమని ఆదేశమిచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో గమనించాడు, తాను టైపు చేసింది నకలు సర్వర్ కిటికీలో కాదు, అసలు సర్వర్ కిటికీలో అని. వెంటనే ఆపాడు. దాదాపు 300 గిగాబైట్లలో అప్పటికి మిగిలింది నాలుగున్నర.

సరే, బ్యాకప్‌లు ఉంటాయి కదా. ఉన్నాయి. ఒకటి కాదు, ఐదు పద్ధతులు. రోజూ ఓసారి మొత్తం కాపీ తీసి దాచే ప్రోగ్రామ్ ఒకటుంది. వెళ్లి చూస్తే ఆ గది ఖాళీ. ప్రోగ్రామ్ పాత వెర్షన్, డేటాబేస్ కొత్త వెర్షన్. రెంటికీ పొసగక అది రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైతే ఈమెయిల్ రావాలి కదా! ఈమెయిళ్లు బయల్దేరాయి. ధ్రువీకరణ సరిగా లేదని అవతలి మెయిల్ సర్వర్ వాటిని గుమ్మంలోంచే తిప్పికొట్టింది. క్లౌడ్ కంపెనీ వాళ్ల డిస్కు కాపీల సదుపాయం ఉంది గానీ, డేటాబేస్ సర్వర్లకి దాన్ని ఆన్ చెయ్యలేదు. ఇలా ఒక్కోటీ తెరిచి చూస్తుంటే ఆ అర్ధరాత్రి వాళ్ల గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో!

చివరికి ఆదుకున్నది ఓ యాదృచ్ఛికం. అదే ఇంజినీరు ఆరు గంటల ముందు, వేరే ప్రయోగం కోసం డేటాబేస్ నకలొకటి చేత్తో తీసి పరీక్షల సర్వర్‌లో పెట్టి ఉన్నాడు. అదే దిక్కయింది. అక్కడి డిస్కులు చవకవి కావడంతో తిరిగి కాపీ చెయ్యడానికే దాదాపు 18 గంటలు పట్టింది. ఆ మధ్య ఆరు గంటల్లో జనం చేసిన మార్పులు... సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. అయితే ఆ కంపెనీ ఏదీ దాచలేదు. ఏం జరిగిందో గంటగంటకీ అందరికీ కనిపించేలా రాసింది. మరమ్మతుని యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తే వేలమంది చూశారు. ఆ ఇంజినీరు పేరు మాత్రం నివేదికలో పెట్టలేదు. ఒక్క మనిషి వేలు జారితే మొత్తం పోయేలా ఏర్పాటు ఉండటమే అసలు తప్పని రాసుకున్నారు. మా తమ్ముడి ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లతో ఈ నివేదిక చదివిస్తారట. అసలు సర్వర్ కిటికీకి ఎర్రరంగు, నకలుకి పచ్చరంగు పెట్టుకోవడం వాళ్లకి అలవాటు.

2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటాసెంటర్లో బ్యాటరీలు మారుస్తుండగా మంటలు లేచి, ఆరొందలకు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయింది. మరీ పెద్దది కాబట్టి దానికి బయట ఇంకో కాపీ పెట్టలేదట!

ఇవన్నీ మనకెందుకు అంటారా? హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి అమెజాన్ డేటాసెంటర్లు నడుస్తున్నాయి. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇంజినీరింగు, డిప్లొమా చదివిన మన పిల్లలు కొందరైనా రేపు ఆ రొదలో, ఆ కాషాయ దీపాల మధ్య రాత్రిళ్లు గడుపుతారు. అదొకటి. రెండోది మా ఇంట్లో జరిగింది.

మాటల మధ్యలో మా తమ్ముడు 'మరి మీ ఇంట్లో ఫొటోలన్నీ ఎక్కడున్నాయన్నయ్యా?' అనడిగాడు. గర్వంగా బీరువాలోంచి హార్డ్‌డిస్కు తీశాను. మెత్తని గుడ్డలో చుట్టి మరీ దాచాను. 'ఆఖరిసారి ఎప్పుడు తెరిచావు?' అన్నాడు. లెక్కేస్తే ఆరేళ్లు దాటింది. కంప్యూటర్‌కి పెట్టాం. టిక్... టిక్... టిక్. వాడు చటుక్కున వైరు లాగేశాడు. 'ఇంకోసారి పెట్టకు. లోపల ముల్లు పళ్లేన్ని గీకుతుంటే తిప్పిన కొద్దీ పోతుంది' అన్నాడు. నేనింకా తేరుకోలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

విశాఖలో అక్కకి ఫోన్ చేశాం. ఎప్పుడో నేనిచ్చిన పెన్‌డ్రైవ్ తన దగ్గరుంది. పిల్లల పుట్టినరోజులు, మా పెళ్లి ఉన్నాయి. నాన్న షష్టిపూర్తి ఫోల్డర్ మాత్రం లేదు. ఆయన మాట్లాడిన వీడియో ఉన్నది ఆ ఒక్క ఫోల్డర్లోనే.

ఇప్పుడా డిస్కు హైదరాబాద్‌లో, పాడైన డిస్కుల్లోంచి సమాచారం తీసే ఓ షాపులో ఉంది. కొంతవరకూ రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు అన్నారు. ఇరవై రోజులైంది. అమ్మ రోజూ సాయంత్రం 'ఆ షాపువాళ్లు ఫోన్ చేశారా?' అని అడుగుతోంది. ఇంకా లేదు.